ఉద్యమ్ నమోదులు పెరిగితే మన జిల్లాల్లో వ్యాపార చొరవ పెరిగినట్టేనా?

బరంపురం ఆడిటర్: ఒడిశాలోని మన గజపతి, రాయగడ జిల్లాల్లో వ్యాపార చొరవ ఎంత ఉందో తెలుసుకోవడానికి ఉద్యమ్ నమోదులనే ప్రమాణంగా తీసుకోవాలని నా వాదన. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2020 జూలై 1 నుంచి ఆధార్ ఆధారంగా ఉచితంగా సాగిస్తున్న నమోదు ఇది.

పర్లాకిమిడి మాస్టారు: ఆడిటర్ గారూ, అది స్వయం ప్రకటన మీద నడిచే జాబితా. అప్పు కావాలంటే ముందు సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకువారు అన్నందుకు మా బావమరిది నమోదు చేయించుకున్నాడు. అప్పు రాలేదు, పిండిమర మూతపడింది, మోటారు సైతం అమ్ముడుపోయింది, అయినా లెక్కలో ఆ మర ఇప్పటికీ ఆడుతూనే ఉంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖవారి కంపెనీల జాబితా సంగతీ ఇంతే. 2016-17 జాతీయ నమూనా సర్వేవారు ఆ జాబితా పట్టుకుని సేవారంగ కంపెనీలను వెతికితే, మూడో వంతుకు పైగా ఆచూకీ లేనివో, తప్పు వర్గంలో చేరినవో అని తేలింది.

బరంపురం ఆడిటర్: నమోదు రద్దు చేసుకునే వీలు పోర్టల్‌లోనే ఉంది. మీ బావమరిది రద్దు చేసుకోకపోతే జాబితాది తప్పా?

రాయగడ కిరాణా: రద్దు చేసుకుంటే ఒరిగేదేమీ లేనప్పుడు ఎవరు చేసుకుంటారండీ?

బరంపురం ఆడిటర్: మళ్ళీ చెబుతున్నాను, రద్దుకు వీలుంది. ప్రతివారూ ఇంటి గోడు తెచ్చి లెక్కను కొట్టిపారేస్తే ఇక మాట్లాడుకోవడం దేనికి?

కొమ్ముపని కోడలు: మా ఇంట్లో గేదె కొమ్మును సెగ చూపి, మెత్తబడగానే వంచి, కొంగలూ రొయ్యలూ చెక్కుతాం. మా పేరు ఏ జాబితాలోనూ లేదు. 2023-24 అసంఘటిత రంగ సర్వే దేశంలో ఆ రంగపు వ్యవసాయేతర సంస్థలు 7.34 కోట్లని అంచనా వేసింది. అందులో మావంటివే ఎక్కువ.

బరంపురం ఆడిటర్: అమ్మా, పొట్టకూటి పనిని నేను వ్యాపార చొరవ అనను. పెట్టుబడి పెట్టి, నష్టానికి సిద్ధపడి, నలుగురికి పని చూపేవారే నా లెక్కలోకి వస్తారు.

పర్లాకిమిడి మాస్టారు: అసలు మాట ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ మనం జాబితా గురించి కాదు, ఎవరిని వ్యాపారి అనాలన్న దాని గురించే పోట్లాడుకుంటున్నాం.

కొమ్ముపని కోడలు: కొమ్ముకు డబ్బు ముందే కడతాం, బొమ్మ అమ్ముడుపోతుందో లేదో ఎవరికీ తెలియదు. అది నష్టానికి సిద్ధపడటం కాదా?

బరంపురం ఆడిటర్: అయితే నమోదు చేసుకోండి. జీఎస్టీ లేని చిన్నవారి కోసమే 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అనే నమోదు వేదిక వచ్చింది.

కొమ్ముపని కోడలు: చేసుకుంటాను. ఈ పని మా మామగారి తాత నాటిది. నేను నమోదైన ఏడాది మన జిల్లాలో కొత్త వ్యాపారం ఒకటి పుట్టిందని మీరు రాస్తారా, రాయరా? అది చెప్పండి.