ఇంట్లో విప్పి బిగించిన సైకిలు చైను లాకు రెండు రోజులకే ఊడిపోతోంది, పొరపాటు ఎక్కడ?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి)

సభ్యులందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. రోజూ ఉదయం సరిహద్దు దాటి పాతపట్నం దాకా సైకిలు మీదే వెళ్ళి, చీకటి పడకముందే తిరిగి వస్తుంటాను. బండి పాతకాలపు నల్లరంగుది. గేర్లు లేవు, రాడ్ బ్రేకులున్నాయి, చైను మొత్తాన్ని కప్పే రేకు కవరు ఉంది.

మొన్నటి వానల్లో ఎర్రబురద లోపలికి చేరి, తొక్కినప్పుడల్లా చైను కిచకిచమనడం మొదలుపెట్టింది. ఆదివారం నాడు అరుగు మీద గోనెసంచి పరచుకుని, కవరు వెనక ముక్క స్క్రూలు తీసి, లాకు (చైను రెండు కొనలనూ కలిపే లింకు) కనబడే దాకా పెడలు నెమ్మదిగా తిప్పి, స్క్రూడ్రైవరుతో దాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఎగదోసి, చైను కొనకు పురికొస కట్టి బయటకు లాగాను. రాత్రంతా కిరసనాయిలులో నానబెట్టి, పొద్దున్నే పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, ఎండలో ఆరబెట్టి, కుట్టుమిషను నూనె వేసి, ఆ పురికొసతోనే మళ్ళీ లోపలికి లాగి లాకు బిగించాను. కిచకిచ పోయింది. అయితే బుధవారం నాడు మహేంద్రతనయ గట్టు దగ్గర పెడలు ఒక్కసారిగా వట్టిగా తిరిగింది. దిగి చూస్తే లాకు రెండు పిన్నుల ముక్క చైనుకు వేలాడుతోంది గాని, దాని పై పట్టీ, క్లిప్పు రెండూ లేవు. బండి నడిపించుకుంటూ ఇల్లు చేరాను.

కొత్త లాకు కొని వేశాను. అదీ మూడో రోజున ఊడింది. ఒక మరమ్మతు కొట్టులో చూపిస్తే, కవరు విప్పి చూడనైనా చూడకుండా చైను, ఫ్రీవీలు (వెనక చక్రం మీది పళ్ళ చక్రం), పెడలు దగ్గరి పెద్ద పళ్ళ చక్రం మూడూ మార్చాలన్నారు. మార్చవలసి వస్తే మారుస్తాను, కారణం తెలియకుండా మార్చడం మాత్రం నాకు ఇష్టం లేదు. లాకు ఊడక ముందు ఒక రోజంతా కవరులో "టక్కు" మని చిన్న చప్పుడు వచ్చిన సంగతి కూడా చెప్పాలి. పెద్ద చక్రానికి 48 పళ్ళు, ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయి. చైనులో చిన్నా పెద్దా లింకులు కలిపి లెక్కిస్తే 110 వచ్చాయి.

జవాబు 1 (జయపురం నుండి)

లెక్కలతో సహా రాసినందుకు సంతోషం. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ లెక్కలోనే ఉంది. పెడలు ఒక చుట్టు తిరిగితే చైను 48 లింకులు కదులుతుంది. మొత్తం 110 లింకులు కనుక లాకు తిరిగి అదే చోటికి రావడానికి పెడలు రెండుంపావు చుట్లకు కాస్త పైగా తిరగాలి. కాబట్టి టక్కుమనే చప్పుడు పెడలు ప్రతి చుట్టుకూ ఒకసారి వస్తే దోషం పెడలు రాడ్డులోనో పెద్ద చక్రంలోనో ఉన్నట్టు; ఏడు చుట్లకు దాదాపు మూడుసార్లు వస్తే లాకే దేనికో తగులుతున్నట్టు. బండిని స్టాండు వేసి, చేత్తో పెడలు తిప్పుతూ లెక్కపెట్టండి. ఆ సమయంలో ఇంట్లో పిల్లలుంటే దూరంగా ఉంచండి. కవరు వెనక ముక్క తీసిన చైనుకూ ఫ్రీవీలుకూ మధ్య చిటికెన వేలు పడితే గోరు మిగలదు.

ఇక క్లిప్పు సంగతి. దాన్ని చేప అనుకోండి: మూసి ఉన్న గుండ్రటి వైపు తల, చీలి ఉన్న వైపు తోక. చైను కదిలే దిక్కుకు చేప తల ఉండాలి. తొక్కుతున్నప్పుడు చైను పైవరస వెనక ఫ్రీవీలు నుంచి పెడలు దగ్గరి పెద్ద చక్రం వైపు పోతుంది కనుక, లాకు పైవరసలో ఉంటే తల హ్యాండిలు వైపు ఉండాలి. అదే లాకు కిందివరసలో ఉంటే తల వెనక చక్రం వైపు ఉండాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. పైన ఎలా పెట్టాలో గుర్తుంచుకుని, కింద బిగించేటప్పుడు కూడా తల హ్యాండిలు వైపే పెడతారు. అప్పుడు చీలిన తోక ముందు నడుస్తుంది. కవరు అంచో, ముద్దకట్టిన బురదో, బట్ట కొసో ఆ చీలికకు తగిలిన క్షణాన క్లిప్పు వెనక్కు జారి పడిపోతుంది. తల ముందుంటే ఎంత రాసుకున్నా క్లిప్పు ఇంకా లోపలికే నెట్టబడుతుంది.

స్క్రూడ్రైవరుతో ఎగదోయడం కూడా మంచిది కాదు. అలా తీసిన క్లిప్పు కాళ్ళు విచ్చుకుని స్ప్రింగు బిగువు పోతుంది. ముక్కు కటింగ్ ప్లేయరు తీసుకుని, ఒక దవడను చీలిక కొనల మీద, రెండో దవడను ఆ కొనలకు దగ్గరున్న పిన్ను మీద ఆనించి నొక్కితే క్లిప్పు దానంతట అదే జారుతుంది. బిగించేటప్పుడు దీనికి తారుమారు: ఒక దవడ చేప తల మీద, ఇంకొకటి తోక వైపు పిన్ను మీద. క్లిప్పు రెండు పిన్నుల గాడుల్లోనూ కూర్చున్నప్పుడు "టిక్" అని వినబడుతుంది. వినబడకపోతే పై పట్టీ పూర్తిగా లోపలికి దిగలేదనే అర్థం. పట్టీ దిగకుండా క్లిప్పు మాత్రం పైపైన పెడితే అది గాడిలో కాక పిన్ను నెత్తి మీద కూర్చుంటుంది. అది రెండు రోజులు నిలవడం కూడా ఎక్కువే.

జవాబు 2 (రాయగడ నుండి)

నేను ఇరవై ఏళ్ళుగా క్లిప్పును ఎటు వస్తే అటు పెడుతున్నాను, ఒక్కసారీ ఊడలేదు. కుట్టుమిషను నూనె పలచనిది, రెండు వానలకే కొట్టుకుపోతుంది. కొబ్బరినూనె గాని, మోటారుసైకిలు నుంచి తీసిన వాడిన ఇంజను ఆయిలు గాని వెయ్యండి, ఖర్చు లేదు.

జవాబు 3 (బరంపురం నుండి)

రాయగడ మిత్రులకు ఊడకపోవడానికి కారణం వారి బండికి కవరు లేకపోవడమో, చైను సరిగ్గా బిగువుగా ఉండడమో అయి ఉండాలి. తగిలేది ఏదీ లేనప్పుడు క్లిప్పు ఎటు ఉన్నా కొంతకాలం నడుస్తుంది. నూనె విషయంలో మాత్రం వారితో ఏకీభవించలేను. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. జయపురంలో చలికాలం ఉదయాన చైను మీద అది నూనె కాదు, మైనం. వాడిన ఇంజను ఆయిలులో ఇనుప పొడి, మసి కలిసి ఉంటాయి కనుక దాన్ని వేయడం చైనుకు సన్నటి సానరాయి పట్టడంతో సమానం. కొత్త ఇంజను ఆయిలు గాని, గేరు ఆయిలు గాని ఒక్కొక్క రోలరు (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కొక్క బొట్టు చొప్పున వేసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా గుడ్డపేలికతో తుడిచివేయాలి. నూనె ఉండవలసింది రోలరు లోపల. పట్టీల మీద ఉన్న నూనె దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

చైను "సాగింది" అని కొట్లో అంటారు గాని, ఇనుప పట్టీలు సాగవు. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన పద్ధతిలోనే నేటికీ చైను తయారవుతోంది: పిన్ను చుట్టూ బుష్షు అనే సన్న గొట్టం, బుష్షు చుట్టూ రోలరు. పిన్నూ బుష్షూ ఒరుసుకుని అరిగిన కొద్దీ ప్రతి కీలులోనూ వెంట్రుకవాసి సందు పెరుగుతుంది, నూటపది కీళ్ళ సందులూ కలిసి చైను పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని కొలవడానికి కొట్టుకు పోనక్కరలేదు. చైనును బిగువుగా లాగి పట్టి, ఉక్కు స్కేలు సున్నాను ఒక పిన్ను నడిమధ్యకు పెట్టండి. లింకు అర అంగుళం కనుక, దాన్ని వదిలి తరువాతి పిన్ను నుంచి లెక్కిస్తే, ఇరవై నాలుగో పిన్ను నడిమధ్య కొత్త చైనులో సరిగ్గా పన్నెండు అంగుళాల గీత మీద పడుతుంది. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే అరుగుదల మొదలైనట్టు. ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు దాటితే గేర్లు లేని బండికైనా చైను మార్చవలసిందే. ఫ్రీవీలు పళ్ళు ఒక పక్కకు వంగి రంపపు పళ్ళలా మొనదేలి ఉంటేనే దాన్ని మార్చాలి. మూడూ ఒకేసారి మార్చాలనడం తొందరపాటు. కొలిచిన తరువాత మాట్లాడుకుందాం.

కవరులో చప్పుడు వచ్చిందన్నారు కనుక నా అనుమానం చైను వదులు మీద కూడా ఉంది. కవరు లేని బండికైతే కిందివరస మధ్యలో వేలితో ఎత్తి దించినప్పుడు మొత్తం మీద అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఆడాలి. మీ బండికి మధ్యలో స్కేలు పెట్టే చోటు లేదు. వెనక సందులోంచి చైనును ఎత్తితే తేలిగ్గా కదలాలి, వదిలి బండిని ఊపితే రేకుకు కొట్టుకోకూడదు. పెద్ద చక్రం ఎప్పుడూ అచ్చమైన గుండ్రంగా ఉండదు కాబట్టి ఒకచోట బిగువు, ఒకచోట వదులు కనిపిస్తాయి. పెడలు నెమ్మదిగా తిప్పి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటును కనిపెట్టి, అక్కడ కూడా కొంచెం ఆడేలా ఇరుసును వెనక్కు జరపాలి. ఒక వైపు నట్టు కొద్దిగా, రెండో వైపు కొద్దిగా, మార్చి మార్చి బిగించి, రిమ్ము రెండు ఫోర్కు కాళ్ళకూ సమదూరంలో ఉందో లేదో చూడండి. ఇరుసు జరిగితే రాడ్ బ్రేకు రబ్బరులు రిమ్ము మీద పడే చోటు కూడా మారుతుంది. బ్రేకు సరిచూడకుండా రోడ్డెక్కవద్దు.

లాకు అనే మాటను కొందరు నామోషీగా భావించి "కనెక్టింగ్ లింకు" అని అడుగుతారు. గిడుగు వారు బడిలో పాఠాలు చెప్పిన ఊరివారు కనుక మీరు ధైర్యంగా చైను లాకనే అడగండి. కొట్టువాడు వెంటనే చేతిలో పెడతాడు.

ప్రశ్న అడిగిన వారి నుండి

చెప్పినట్టే చేశాను. చప్పుడు ఏడు చుట్లకు మూడుసార్లు వచ్చింది. కవరు వెనక ముక్క లోపలి వైపు తిప్పి చూస్తే, నల్లరంగు ఊడి గోరంత వెడల్పున వెండిలా మెరుస్తున్న గీత కనిపించింది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే అంచులోనే అది ఉంది. నేను లాకు బిగించినది కిందివరసలో, చేప తల హ్యాండిలు వైపు పెట్టి. పైగా లాకు పట్టడం కోసం ఇరుసును ముందుకు జరిపి, మళ్ళీ అసలు చోటికి లాగకుండానే నట్లు బిగించాను. చైను వదులై పక్కలకు ఊగడం, చీలిక ముందు నడవడం, ఆ అంచు దాన్ని పట్టుకోవడం అన్నీ ఒకేచోట కలిశాయి.

చైను కొలిస్తే పన్నెండు అంగుళాల మీద ఎనిమిదో వంతును కొద్దిగా దాటింది. ఫ్రీవీలు పళ్ళు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి. కొత్త చైను కొంటాను. ఈసారి పురికొస లేకుండా దాన్ని కవరులోకి ఎక్కించే మార్గం ఉందా? పొడవు ఎలా సరిచూడాలి?

జవాబు 4 (గుణుపురం నుండి)

పాత చైనే మీకు తాడు. దాన్ని బయటకు తీయకుండా లాకు దగ్గర విప్పి, పైవరస కొనకు కొత్త చైను కొనను లాకుతో కలిపి, కిందివరస కొనను మెల్లగా లాగండి. పాతది ఇవతలకు వస్తుంటే కొత్తది దాని వెనకే పెద్ద చక్రం చుట్టూ తిరిగి వస్తుంది. ఇంత చిన్న పనికి క్లిప్పు కూడా అక్కరలేదు, పట్టీ పెట్టి దారం చుడితే చాలు. పెడలు ముందుకు తిప్పుతూ ఇంకొకరు సాయం చేస్తే రేకు గీసుకోదు.

పొడవును పాత చైను పక్కన పెట్టి చూసి కోయకండి. అరిగిన చైను పొడవు పెరిగి ఉంటుంది కనుక కంటికి కొత్తది పొట్టిగా కనబడుతుంది. లింకులు లెక్కపెట్టండి: లాకుతో కలిపి 110 ఉండాలి. కొత్త చైను 112 ఉంటే రెండు లింకులు, అంటే ఒక అంగుళం తీయాలి. వెడల్పుదీ ఇరుకుదీ జతగానే పోవాలి, లేకపోతే లాకు పట్టదు. తీయడానికి చైను కట్టరు లేనివారు, పిన్ను కింద సరిపోయే నట్టు ఒకటి పెట్టి, మొన అరగదీసిన గట్టి మేకుతో సుత్తి దెబ్బ వేసి పిన్నును నెట్టవచ్చు. కొనలు రెండూ ఇరుకు లింకులతో ముగియాలి, లాకు వాటినే కలుపుతుంది. మీ బండిది అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు చైను. గేర్ల బండి చైను దాని కంటే సన్నం, పొరపాటున అది తెస్తే ఈ పళ్ళ మీద కూర్చోదు.

కొత్తది ఎక్కించే ముందు ఆ మెరుస్తున్న అంచును ఆకురాయితో రుద్ది, వెనక ముక్కను లోపలికి కాక బయటకు పైన పడేలా బిగించి చూడండి.

ప్రశ్న అడిగిన వారి నుండి

నిన్న సాయంత్రం ఎక్కించాను. కొత్త చైను 112 లింకులే వచ్చింది; రెండు తీశాను. లాకు ఈసారి పైవరసలోనే పెట్టి, చేప తల హ్యాండిలు వైపు ఉంచి, టిక్కుమనే దాకా నొక్కాను. అంచు రుద్దాక కవరులో చప్పుడు లేదు. రేపు పాతపట్నం వెళ్ళి వచ్చాక వెనక ముక్క విప్పి క్లిప్పును మరొకసారి చూస్తాను. అదనపు లాకు ఒకటి అగ్గిపెట్టెలో పెట్టి, సీటు కింద రబ్బరు ట్యూబు ముక్కతో కట్టుకున్నాను.