అప్‌డేట్: ఉపగ్రహ డేటాతో లేటెంట్ హీట్ ఫ్లక్స్ ఎక్కువ రావడం – కారణం దొరికింది

సముద్రం మీద లేటెంట్ హీట్ ఫ్లక్స్ (నీరు ఆవిరవుతూ గాలిలోకి తీసుకెళ్లే వేడి) బోయ్ (సముద్రంలో తేలుతూ కొలతలు తీసే పరికరం) లెక్కలో చదరపు మీటరుకు 110 వాట్లుంటే, ఉపగ్రహ డేటాతో నాకు 130 వస్తోందని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. తప్పులు రెండు, రెండూ నావే.

మొదటిది, ఉప్పునీటి మీద సంతృప్త ఆర్ద్రత (గాలి పట్టగలిగే గరిష్ఠ నీటి ఆవిరి) మంచినీటి మీద కన్నా 2 శాతం తక్కువ, అందుకే 0.98తో గుణించాలి. 2 శాతమేగా అని వదిలేశాను. కానీ ఫ్లక్స్‌ని నిర్ణయించేది నీటి ఉపరితలానికీ గాలికీ మధ్య ఆర్ద్రత తేడా. 28 డిగ్రీల నీటి దగ్గర కిలో గాలికి సుమారు 24 గ్రాముల ఆవిరి, నా గాలిలో 18, తేడా 6. 24లో 2 శాతం అంటే దాదాపు అర గ్రాము. అంటే ఫ్లక్స్‌లో ఏకంగా 8 శాతం!

రెండోది, "గాలి ఎత్తు ఎంత ఇచ్చారు?" అన్న ప్రశ్న వల్ల దొరికింది. స్కాటరోమీటర్ (సముద్రం మీద గాలిని కొలిచే ఉపగ్రహ రాడార్) గాలి 10 మీటర్ల ఎత్తుకు ఇస్తారు. నా కోడ్‌లో మాత్రం బోయ్ స్క్రిప్ట్ నుంచి కాపీ కొట్టిన 4 మీటర్లే ఉండిపోయింది. పైకి వెళ్లేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది కాబట్టి, కోడ్ దాన్ని 4 నుంచి 10 మీటర్లకు మార్చబోయి గాలి వేగాన్ని అనవసరంగా పెంచింది.

అంతకుముందు వర్షం వల్ల కొలత చెడిందేమోనని వర్షం పడిన పిక్సెళ్లు (ఉపగ్రహ డేటాలోని గళ్లు) తీసేసినా ఏమీ మారలేదు, రెండు రోజులు వృథా. ఇప్పుడు తేడా 3, 4 వాట్లే. ఉపగ్రహం ఇచ్చే గాలి ఆర్ద్రతలోనే అంతకన్నా ఎక్కువ అనిశ్చితి ఉంటుంది కాబట్టి ఇక తవ్వను.