వాలరెంట్ (టీమ్ షూటింగ్ గేమ్) రోజుకి ఎన్ని గంటలు ఆడాలి? మణికట్టు నొప్పి కూడా వస్తోంది

స్పైక్‌గాడు: అన్నలూ, కాలేజీ టీమ్‌తో టోర్నీలు ఆడుతున్నా, పొద్దస్తమానం ర్యాంక్డ్ మ్యాచ్‌లు కొడుతున్నా గానీ ఇమ్మోర్టల్ ర్యాంకు దాటట్లేదు, పైగా మణికట్టు లాగేస్తోంది. ఇంకా ఎక్కువ ఆడాలా?

నైట్‌స్మోక్: ఎక్కువ కాదు తమ్ముడూ, తక్కువ ఆడు. గేమ్‌లోని ప్రాక్టీస్ రేంజ్‌లో ఓ ఇరవై నిమిషాలు వార్మప్, తర్వాత స్క్రిమ్స్ (వేరే టీమ్‌తో ప్రాక్టీస్ మ్యాచ్‌లు), అయ్యాక ఓడిన రౌండ్ల రికార్డింగ్ అందరూ కలిసి చూడండి, ఎవడు ఎక్కడ ఎందుకు చచ్చాడో అక్కడే తెలిసిపోద్ది. ఊరికే ర్యాంక్డ్ ఆడుతూ పోతే పాత అలవాట్లే ఇంకా గట్టిపడతాయ్ అంతే

క్లచ్‌క్వీన్: చెయ్యి సంగతే కాదు, ఒంటి సంగతి కూడా లైట్ తీసుకోకు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్‌లో చైనా వాడు ఉజీ ఎంత పెద్ద ప్లేయరు, 2020లో 23 ఏళ్లకే రిటైర్మెంట్ చెప్పాడు, ఏళ్ల తరబడి స్ట్రెస్సు, టైముకి తిండి లేకపోవడం, రాత్రి మేలుకోవడం వల్ల టైప్ 2 షుగరు వచ్చిందని తనే చెప్పాడు (తర్వాత మళ్లీ ఆడాడనుకో). నీ మౌస్ సెన్సిటివిటీ (చెయ్యి కొంచెం కదిపితే గురి ఎంత కదులుద్దో ఆ సెట్టింగ్) బాగా ఎక్కువుంటే కొంచెం తగ్గించు, మౌస్ మోచేతి నుంచి కదుపు, మణికట్టు మీద భారం తగ్గుద్ది. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం యూట్యూబ్ ఎక్సర్‌సైజులు కాదు, ఫిజియో దగ్గరికెళ్లు.

స్పైక్‌గాడు: మా స్క్రిమ్స్ రాత్రి రెండింటిదాకా ఉంటాయక్కా 😅

క్లచ్‌క్వీన్: మరి ఎయిమ్ ఎక్కణ్ణుంచొస్తది! సాయంత్రానికి మార్చమని మీ ఐజీఎల్‌ని (గేమ్‌లో టీమ్‌ని నడిపించే లీడర్‌ని) అడుగు ముందు.