కూలింగ్ కాయిల్ ఇంటికాడనే మార్చుకోవచ్చా, షెడ్డుకే పోవాల్నా?

నయీంనగర్ హ్యాచ్‌బ్యాక్:
అన్నలందరికీ నమస్తే. మా పాత కారు ఏసీ మళ్ళ పోయింది. ఎండాకాలం ముంగట గ్యాస్ కొట్టిస్త, రోహిణి కార్తె రాకముందే వేడిగాలి. ఇప్పుడేమో షెడ్డుల కూలింగ్ కాయిల్ పోయింది, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలె అంటున్నరు, కాయిల్ ధర కన్న లేబరే ఎక్కువ చెప్పిండ్రు. వీడియోలు చూసిన, స్క్రూలు క్లిప్పులు కనెక్టర్లు తప్ప పెద్దగ ఏం కనవడలే. పానాల సెట్టు ఉన్నది, బామ్మర్ది సాయం వస్తడు. అట్లనే ఎడమ దిక్కు కార్పెట్ తడిగ ఉంటుంది, దించినప్పుడే హీటర్ కాయిల్ గూడ మార్చేద్దామా? ఎవరన్న ఇంటికాడ చేసిన్రా?

ఆటోనగర్ పానా:
తమ్ముడూ, నేను ఏసీ పనే చేస్త, అందుకే చెప్తున్న. స్క్రూలు చూసినవ్, గ్యాస్ చూడలే. పైపు నట్టు ఇప్పంగనే లోపల ఉన్నదంత ఒక్కసారి బయటికొస్తది, కార్ల ఏసీల ఉండే ఆర్‌134ఎ గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతది, చెయ్యి మీద పడితే చర్మం గడ్డకడ్తది, కంట్ల పడితే ఇంక చెప్పొద్దు. సరే, కాయిల్ పెట్టినవ్ అనుకో. లైన్ తెరిచినంక తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాలె, జాయింట్ల కాడి రబ్బరు ఓ రింగులు మార్చాలె, కొత్త కాయిల్‌ల మాన్యువల్‌ల చెప్పినంత ఆయిల్ పొయ్యాలె, ఆ ఆయిల్ గాలిల తేమ గుంజుకుంటది కాబట్టి డబ్బా మూత తీసి పెట్టొద్దు. తర్వాత లోపలి గాలి, తేమ గుంజే వాక్యూమ్ పంపు అరగంటన్న నడవాలె. ఆఖరుకు గ్యాస్ తూకం వేసి ఎక్కియ్యాలె, బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటది. ఇవన్ని నీ బామ్మర్ది తెస్తడా?

కాజీపేట డీజిల్:
గ్యాస్ గ్యాస్ అని భయపెడ్తున్నరు గని షెడ్డుల మాత్రం ఏం చేస్తున్నరు? సర్వీస్ వాల్వుల పిన్ను నొక్కి బుస్సుమని గాలికి ఇడుస్తరు. నా కండ్లతోని చూసిన. అదే పని ఈయన ఇంటికాడ చేస్తే తప్పా? అయినా ఆర్‌134ఎ తోని ఓజోన్‌కు ఏం గాదు, ఓజోన్‌ను కాపాడనీకి చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాత గ్యాస్ ఆర్‌12 పోయి ఇది వచ్చిందే గందుకు. కళ్ళజోడు పెట్టుకొని, గ్లవ్స్ తొడుక్కొని, ఇంటి ముంగట ఆరుబయట మెల్లగ ఇడిస్తే సరిపాయె.

ఆటోనగర్ పానా:
ఓజోన్‌కు ఏం గాదు, భూమి వేడికి అయితది. నూరేండ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్న సుమారు 1,400 రెట్లు. గందుకే 2016ల కిగాలిల మాంట్రియల్ ఒప్పందాన్నే సవరించి ఈ గ్యాసులను గూడ తగ్గియ్యాలని రాసుకున్నరు, మన దేశం 2021ల ఒప్పుకున్నది. నా దగ్గర గ్యాస్‌ను గాలికి ఇడవకుంట గుంజి పట్టే రికవరీ మిషన్ ఉన్నది. అందరి కాడ లేదు, అది నిజమే. ఇంకోటి, ఆ గ్యాస్ గాలి కన్న బరువు, మూసిన షెడ్డులనో గుంతలనో ఇడిస్తే కిందనే ఆగి ఊపిరాడదు. మంట తాకితే విషమయితది.

కాజీపేట డీజిల్:
మీ దగ్గర ఉన్నది సరే, మిగిలినోళ్ళు?

ఉప్పల్ బస్సు:
వరంగల్‌ల హీటర్ కాయిల్ ఎందుకు అన్నా, ఇక్కడ కారే హీటరు 😂 రెండు పైపులు కలిపి బైపాస్ కొట్టు.

ఉట్నూరు ఘాట్:
నవ్వకు, జనవరిల పొద్దుగాల మా దిక్కు రా, అద్దం తుడ్సుకుంట నడుపుతవ్. హీటర్ వాడకున్నా చాన కార్లల వేడి నీళ్ళు ఆ కాయిల్‌ల తిరుగుతనే ఉంటయి, వాడలేదు కదా అని మంచిగ ఉండదు. రేడియేటర్‌ల కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసినోళ్ళయి జల్ది ఖరాబ్ అయితయి. కార్పెట్ తడి ముట్టి చూడు. జిగటగ ఉండి తియ్యటి వాసనొస్తే కూలెంట్, అంటే హీటర్ కాయిల్. ఉత్త నీళ్ళయితే ఏసీ నీళ్ళు పోయే డ్రెయిన్ పైపు జామ్ అయినట్టు.

నయీంనగర్ హ్యాచ్‌బ్యాక్:
ఉత్త నీళ్ళే అన్నా. వాసన లేదు, జిగట లేదు.

ఉట్నూరు ఘాట్:
అయితే ముందుగాల కిందికెళ్ళి డ్రెయిన్ సాఫ్ చేయించు.

కాజీపేట డీజిల్:
చూసిన్రా, షెడ్డుల ఈ మాట ఎవడన్న చెప్పిండా? డ్యాష్‌బోర్డు దించాలె, లేబర్ ఇయ్యాలె, గదే. మారుతి 800 రోజులల్ల గ్లవ్ బాక్స్ తీస్తే కూలింగ్ యూనిట్ చేతికొస్తుండె, ఇప్పుడు మొత్తం దించాలంటున్నరు కాబట్టి పైసలు గుంజుడు అలకగైంది. నా కారుకు ఇట్లనే చేసిండ్రు, కొత్త కాయిల్ వేసినంక గూడ ఏసీ రాలే, డ్యాష్‌బోర్డు ఇయ్యాళ్టికీ కిర్రు కిర్రు అంటది. తమ్ముడూ నువ్వే చేస్కో. బ్యాటరీ నెగటివ్ తీసి కొద్దిసేపు ఆగు, పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని మీటర్ పెట్టి చెక్ చెయ్యకు. గివ్వి చూస్కుంటే అయిపోతది. గిరాకీ పోతదని వీళ్ళ బాధ.

ఆటోనగర్ పానా:
గిరాకీ పోతదా? ఏప్రిల్ నుంచి జూన్ దాక నాకు అన్నం తినే టైం ఉండదు, నీ ఒక్క కారు కోసం ఏడుస్తనా? ఇంక సాఫ్ చెప్త ఇను. డ్యాష్‌బోర్డు ఉండంగ కాయిల్ కంటికి కనవడది. లీక్ అక్కడనే ఉన్నదని తేల్చాలంటే నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ పట్టి ఉంచి చూడాలె, లేకుంటే బ్లోయర్ బంద్ పెట్టి కొంతసేపయినంక కింద డ్రెయిన్ పైపు కాడ డిటెక్టర్ పెట్టాలె, గ్యాస్ బరువు కాబట్టి అక్కడికే దిగుతది. దానికి టైం పట్టదా? కాయిల్ మంచిగనే ఉన్నది అన్నా, కండెన్సర్ కాడ ఓ రింగు పోయింది, చిన్న పని, గని వెతికినందుకు ఇంత ఇయ్యి అంటే ఏమంటరో తెలుసా? రబ్బరు రింగుకు గింతనా అంటరు! అదే గ్యాస్ కొట్టినందుకు అడిగితే మాట్లాడకుంట ఇచ్చి పోతరు. చల్లగాలి వచ్చిందానికి ఇస్తరు, వెతికిన పనికి ఇయ్యరు. గందుకే సగం షెడ్లల్ల ఎవ్వడూ వెతకడు. గ్యాస్ కొట్టు, పంపు. మళ్ళొస్తడు.

నయీంనగర్ హ్యాచ్‌బ్యాక్:
అన్నా, మరి నన్ను ఎవ్వరూ అడగలేదు కదా. లీక్ వెతకాలె, దానికి ఇంతయితది అని ఒక్కడన్న చెప్తే నేను వద్దన్ననా? చెప్పకుంటనే గ్యాస్ కొట్టిండ్రు, తర్వాత చెప్పకుంటనే కాయిల్ పోయింది అన్నరు. ఎట్ల తెలిసింది అంటే నవ్విండు. నా కోపం లేబర్ మీద కాదు, గిదాని మీద. ఇంటికాడ చేస్కుంటే కనీసం ఏం పోయిందో నా కండ్లతోని చూస్త అనుకున్న.

ఆటోనగర్ పానా:
ఇప్పుడు అడిగినవ్ కాబట్టి చెప్త. వెతికే పైసలు వేరే, గ్యాస్ పైసలు వేరే. కాయిల్ మంచిగ ఉన్నదని తేలినా సరే వెతికినందుకు ఇయ్యాలె. నిజంగ కాయిలే అయితే డ్యాష్‌బోర్డు నువ్వు దించుకో, నాకేం లేదు. గ్యాస్ తీసుడు, ఆఖరుకు వాక్యూమ్, గ్యాస్ ఎక్కించుడు నా దగ్గర చేయించుకో. మధ్యల పైపుల మూతులు ఉత్తగ ఇడవకు, కవర్ చుట్టి టేప్ వెయ్యి. ఆ హీటర్ కాయిల్ గూడ పాతదే కాబట్టి దించినప్పుడే మార్చు, దాని కోసం మళ్ళ అంతా ఇప్పాల్సి వస్తే నువ్వే ఏడుస్తవ్.

ఉప్పల్ బస్సు:
లీక్ దొరకకుంటే గూడ పైసలా?

ఆటోనగర్ పానా:
స్కానింగ్‌ల ఏం లేదని వస్తే డాక్టర్ నీ పైసలు వాపస్ ఇస్తడా?

నయీంనగర్ హ్యాచ్‌బ్యాక్:
నాకు ఓకే అన్నా. షెడ్డు ఏ గల్లీలనో ఇన్‌బాక్స్‌ల పెట్టు.

కాజీపేట డీజిల్:
అన్నీ మంచిగనే చెప్పిండు గని మిగిలిన షెడ్లల్ల గ్యాస్ గాలికే ఇడుస్తున్నరా లేదా, ఆ ముచ్చట మీద మాత్రం ఎవ్వరూ మాట్లాడ్తలేరు.