84 హెచ్‌పీ కేసులో మిగిలిన 20 హెచ్‌పీ: రెండో ఆసిలేటర్ కొనాలా, వద్దా?

సీతమ్మధార ఫిడేలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉంటాను. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ వాయిస్తున్నాను, విడివిడి మాడ్యూళ్లను తీగలతో కలిపి ధ్వని పుట్టించే మాడ్యులర్ సింథసైజర్ మొదలుపెట్టి మాత్రం ఏడాదిన్నరే అయింది. నాది ఒకే వరుస ఉన్న 84 హెచ్‌పీ (మాడ్యూళ్ల వెడల్పు కొలత) యూరోర్యాక్ కేసు. అందులో ధ్వని పుట్టించే ఆసిలేటర్ ప్లెయిట్స్ 12, వోల్టేజీలను మలిచే మ్యాథ్స్ 20, డోప్ఫర్ ఎ-120 ఫిల్టర్ 8, రెండు వీసీఏలున్న (వోల్టేజీతో సంకేతం బలాన్ని అదుపు చేసేవి) ఎ-132-3 కి 8, ఎ-138 మిక్సర్ 8, క్లాక్ కోసం పెట్టిన పమేలాస్ న్యూ వర్కౌట్ 8 హెచ్‌పీ పోగా సరిగ్గా 20 మిగిలాయి. స్వరాలు కీస్టెప్ కీబోర్డు నుంచి సీవీగా, అంటే అదుపు చేసే వోల్టేజీగా వస్తాయి.

కస్టమ్స్, రవాణా అన్నీ కలిపి 45,000 రూపాయలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. ప్లెయిట్స్ మీద రాగం పలికిస్తున్నప్పుడు కింద తంబూరాలాగా నిలకడగా మోగే నాదం కావాలి కాబట్టి రెండో ఆసిలేటర్ కొందామనుకున్నాను. ధ్వనిని చిన్న ముక్కలు చేసి కలిపే క్లౌడ్స్ తరహా గ్రాన్యులర్ మాడ్యూల్ మీద కూడా మనసుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒక వీసీఏ ప్లెయిట్స్‌కు, ఇంకొకటి ఫిల్టర్‌ను కదిలించే ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే వోల్టేజీ) బలాన్ని అదుపు చేయడానికి పోయాక చేతిలో మరేమీ మిగలడం లేదు. ముందు ఏది కొనడం మంచిది?

ఎంవీపీ కాలనీ వోల్టు

ఫిడేలు గారూ, కొనే ముందు మీ దగ్గరున్నవాటిని పూర్తిగా వాడుతున్నారో లేదో చూసుకోండి. ప్లెయిట్స్ ట్రిగ్ జాక్‌కు గేట్ (స్వరం మొదలైందని చెప్పే వోల్టేజీ) ఇస్తే, లోపలున్న లో-పాస్ గేట్ దానంతటదే స్వరాన్ని మీటి తగ్గిస్తుంది. మోడల్ ఎంచుకునే బటన్లలో ఎడమదాన్ని నొక్కి పట్టుకుని మార్ఫ్ గుండీని తిప్పితే ఆ తగ్గుదల ఎంతసేపు సాగాలో కూడా మారుతుంది. అలా చేస్తే ప్లెయిట్స్‌కు కేటాయించిన వీసీఏ ఖాళీ అవుతుంది. మ్యాథ్స్‌లో చాలామంది 1, 4 చానెళ్లనే వాడి మధ్యనున్న 2, 3 చానెళ్లను మరచిపోతారు. అవి సంకేతాన్ని తగ్గించగలవు, తలకిందులు చేయగలవు, ఇన్‌పుట్‌లో ఏమీ పెట్టకపోతే 2వ చానెల్ 10 వోల్టుల దాకా, 3వ చానెల్ 5 వోల్టుల దాకా స్థిరమైన వోల్టేజీని ఇస్తాయి. ఎల్‌ఎఫ్‌ఓ బలాన్ని చేత్తో తగ్గిస్తే చాలునంటే దానికి వీసీఏ అక్కర్లేదు, 2వ చానెల్ సరిపోతుంది.

ఇంత చేశాక కూడా కొరత అనిపిస్తే 12 హెచ్‌పీ ఉండే ఇంటెలిజెల్ క్వాడ్ వీసీఏ చూడండి. గొంతులు, అంటే ధ్వని పుట్టించేవి పెరిగిన కొద్దీ వాటిని కదిలించేవి, అదుపు చేసేవి అంతకు రెట్టింపు కావాలి, లేకపోతే రెండో ఆసిలేటర్ కూడా మొదటిదాని పక్కన ఊరికే మోగుతూ కూర్చుంటుంది. క్లౌడ్స్ సంగతి వేరు. దాన్ని చేసిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన డిజైన్లను అందరికీ తెరిచి ఉంచింది కాబట్టి ఇతరులు చేసిన చిన్న నకళ్లు దొరుకుతాయి. అయినా ముందు కంప్యూటర్‌లో మాడ్యులర్‌ను అనుకరించే ఉచిత వీసీవీ ర్యాక్ వేసుకుని, ప్లెయిట్స్‌కు అక్కడి రూపమైన మాక్రో ఆసిలేటర్ 2 తో ఒక నెల మీ కేసు మాదిరిగానే ప్యాచ్ చేయండి. ఏది తక్కువైందో కాగితం మీద రాసుకుంటే, కొనవలసింది దానంతటదే తేలుతుంది.

గాజువాక సోల్డర్

ఏది కొన్నా ముందు విద్యుత్ లెక్క వేయండి, అదీ రెండు పట్టాలకూ (+12, -12 వోల్టుల సరఫరాలకు) విడివిడిగా వేయండి. ప్లెయిట్స్ +12 వోల్టుల మీద 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుని -12 మీద 5 మాత్రమే తీసుకుంటుంది. మ్యాథ్స్ అలా కాదు, 60, 50 తీసుకుంటుంది. మొత్తం ఒక్కటిగా కూడితే ఈ తేడా కనిపించదు. సప్లయి సామర్థ్యంలో పావు వంతైనా ఖాళీ ఉంచుకోవడం నా అలవాటు. రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత -12 వైపు ఉండాలన్న సంగతి నాకు తెలిసే, ఒక అర్ధరాత్రి నిద్రమత్తులో తిరగేసి పెట్టాను. స్విచ్ వేసిన రెండు క్షణాలకు కమురు వాసన వచ్చింది, ఫిల్టర్ మాడ్యూల్ మళ్లీ పలకలేదు.

ఇంకొక మాట మన ఊరివాళ్లకే. సముద్రపు గాలికి ఇక్కడ ఏ లోహమూ నిలవదు. రెండు వానాకాలాలు కిటికీ పక్కన ఉంచిన నా కేసు విప్పి చూస్తే, మాడ్యూళ్లకు విద్యుత్ పంచే బస్ బోర్డులో ఖాళీగా వదిలేసిన పిన్నుల మొదట్లో పాచిరంగు పొడి పేరుకుని ఉంది. గుండీలు తిప్పితే స్పీకర్లో బరబరమని శబ్దం. ఇప్పుడు కేసుకు మూత, లోపల నాలుగు సిలికా జెల్ పొట్లాలు ఉంటాయి. నీలంగా ఉన్నవి గులాబీ రంగుకు తిరగగానే వేడిచేసి మళ్లీ పెడతాను. మిగిలిన 20 హెచ్‌పీ ఖాళీని కూడా బ్లాంక్ ప్యానెల్‌తో మూసేయండి.

ద్వారకానగర్ శ్రుతి

పైవారి సలహాలు సబబే, కానీ ఫిడేలు గారి చేతిలో వయొలిన్ ఉందన్న సంగతిని ఇద్దరూ పట్టించుకోలేదు. నేనైతే క్వాడ్ వీసీఏ కన్నా ముందు డోప్ఫర్ ఎ-119 కొంటాను. 8 హెచ్‌పీలో బయటి ధ్వనిని పెంచే ప్రీయాంప్, ఆ ధ్వని బలాన్ని వోల్టేజీగా మార్చే ఎన్వలప్ ఫాలోవర్, ధ్వని ఒక హద్దు దాటితే లేచే గేట్ మూడూ ఉంటాయి. అప్పుడు మీ కమాను ఒత్తిడే ఫిల్టర్‌ను తెరుస్తుంది, మీ వయొలినే ప్లెయిట్స్‌ను మీటుతుంది. ఏ ఎల్‌ఎఫ్‌ఓ కూడా అంత సహజంగా కదలదు.

తంబూరా నాదం కోసమే ఆసిలేటర్ కొనడం నాకు వృథా అనిపిస్తోంది. ఎలక్ట్రానిక్ తంబూరా మీ ఇంట్లో ఉండే ఉంటుంది. వయొలిన్ వాయించనప్పుడు దాన్నీ అదే దారిలో లోపలికి తెచ్చి ఫిల్టర్ గుండా పంపవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కీబోర్డు మీద అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్లలో (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు) ఉంటుంది, తంబూరాలో చెవికి హాయిగా వినిపించే గాంధారం 386 దగ్గర ఉంటుంది. మాయామాళవగౌళ పలికిస్తూ గాంధారం మీద నిలిచినప్పుడు ఆ 14 సెంట్ల తేడా స్పష్టంగా గుచ్చుకుంటుంది. పంచమంలో తేడా 2 సెంట్లే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. జారుల కోసం కీస్టెప్ పిచ్ సీవీని మ్యాథ్స్ 1వ చానెల్‌లోకి పంపి రైజ్, ఫాల్ గుండీలను కొద్దిగా పెంచండి, స్వరం మెట్టు దిగకుండా జారుతుంది. కంపిత గమకం మాత్రం దీనితో రాదు, దానికి మీ వేళ్లే దిక్కు.

సీతమ్మధార ఫిడేలు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ట్రిగ్ సలహా ప్రయత్నించాను, వీసీఏ ఒకటి నిజంగానే ఖాళీ అయింది. అల్మరాలోని ఎలక్ట్రానిక్ తంబూరాను ఒకటిన్నర శ్రుతికి పెట్టి వింటే గాంధారం సంగతీ తెలిసింది. ఎ-119 తెప్పించాలనుకుంటున్నాను, మిగతా 12 హెచ్‌పీకి ప్రస్తుతానికి బ్లాంక్ ప్యానెలే. వయొలిన్‌కు అతికించే, కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పియెజో పికప్‌ను నేరుగా అందులో పెట్టవచ్చా?

ద్వారకానగర్ శ్రుతి

పెడితే పలుకుతుంది గానీ, పియెజోకు ఒక మెగాఓమ్ లేదా అంతకన్నా ఎక్కువ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (నిరోధం) లేకపోతే మంద్రస్థాయి పలచబడి రేకు డబ్బా మీద వాయించినట్టు ఉంటుంది. మధ్యలో చిన్న పియెజో ప్రీయాంప్ డబ్బా ఒకటి పెట్టండి. దానికయ్యే ఖర్చు కూడా మీ 45,000లోనే లెక్కవేసుకోండి.