అప్‌డేట్: పులికాట్ వెళ్లి వచ్చాం

చెన్నై నుంచి ఒక్క రోజులో పులికాట్ చూసి రావచ్చా, డచ్చి కోట పిల్లలకు నచ్చుతుందా అని అడిగాను కదా. ఆదివారం వెళ్లి వచ్చాం. లోకల్ రైల్లో పొన్నేరి, అక్కడి నుంచి బస్సు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం.

కోట మీద ఆశలు పెట్టుకోవద్దన్నవారి మాటే నిజమైంది. 1613 నాటి గెల్డ్రియా కోటలో మిగిలినవి ముళ్లపొదలూ, ఇటుక గుట్టలూ. మా అబ్బాయి కోటలోనే నిలబడి "కోట ఎక్కడ నాన్నా?" అని రెండుసార్లు అడిగాడు!

డచ్చి శ్మశానం మాత్రం తప్పక చూడాలి. ద్వారానికి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. ఆరేళ్ల మా అమ్మాయి భయపడుతుందనుకుంటే, దగ్గరికి వెళ్లి పక్కటెముకలు లెక్కపెట్టింది. ఒకప్పుడు కోరమాండల్ తీరపు నూలుబట్టలు ఇక్కడ ఓడలెక్కి ఆగ్నేయాసియాకు వెళ్లేవి. 1690లో డచ్చివారు తమ కేంద్రాన్ని నాగపట్నానికి మార్చుకున్నారు. ఇప్పుడు సరస్సు ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్లే కనిపిస్తారు.

పడవ ఎక్కలేదు. లైఫ్ జాకెట్లు లేవన్నారు, నేను వద్దన్నాను. రాజహంసలూ కనిపించలేదు; మే నెలలో వాటిని వెతకడం నాదే పొరపాటు. జనవరిలో మళ్లీ వెళ్తాం, ఈసారి మా అత్తగారితో. సూళ్లూరుపేట మనిషి కాబట్టి ఆమెకు ఇదంతా "మా సరస్సే".