‘బ్లంట్‌లీ’ అంటే మెచ్చుకోలా, తిట్టా?

సూర్యాపేట_వాసి:
ఏడాది అప్రైజల్లో మా మేనేజర్ నా గురించి ‘స్పీక్స్ బ్లంట్‌లీ’ అని రాశారు. డిక్షనరీలో ‘నిర్మొహమాటంగా’ అని ఉంది. సంబరపడి ఇంట్లో చెబితే మా ఆవిడ, “పొగడ్త కాదండీ, మీ నోటి దురుసు గురించి రాశారు” అంది. ఎవరిది కరెక్ట్?

పాత_మాస్టారు:
మీ ఆవిడదే. బ్లంట్ అంటే అసలు పదును లేనిది, మొద్దుబారినది. మొండి కత్తితో టమాటా కోసి చూడండి, తెగదు, చితుకుతుంది. చెప్పేది నిజమే కావచ్చు, ఎదుటివాడు నలిగిపోతాడన్న చింత ఉండదు. మొహమాటం లేకపోవడం మన దగ్గర సగం సుగుణం కాబట్టి ‘నిర్మొహమాటంగా’ అనగానే మాట తీపెక్కిపోతుంది. మెచ్చుకోవాలనుంటే ‘ఫ్రాంక్‌లీ’ అని రాసేవారు.

రాత్రి_డెస్కు:
ఒప్పుకోను మాస్టారూ. ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేయడమే నా ఉద్యోగం. ఓ నాయకుడు ‘బ్లంట్‌లీ’ అన్నాడంటే ‘కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు’ అని రాస్తాం. అందులో తిట్టేముంది? ఎవరు ఎవరితో అన్నారన్నదే లెక్క. కొత్తల్లుడు మామగారితో అలా మాట్లాడితే పెడసరం. డాక్టరు పేషెంటుతో “సిగరెట్ మానకపోతే కాలు పోతుంది” అంటే మేలే కదా.
కుదరదు అనడానికి మాత్రం ఇంగ్లిష్‌లో ‘ఫ్లాట్‌లీ’ ఎక్కువ వాడతారు. ‘ఫ్లాట్‌లీ రెఫ్యూజ్డ్’ అంటే మన ‘ఖరాఖండిగా నిరాకరించారు’.

గోదారి_గట్టు:
‘పుల్ల విరిచినట్టు’ ఎవరికీ గుర్తు రాలేదేం! సంబంధం తెచ్చిన పేరయ్యతో మా అమ్మమ్మ, “పిల్లాడికి జుట్టు లేదు, మాకొద్దు” అనేసింది. ఆయన చేతిలో కాఫీ గ్లాసు ఇంకా సగం కూడా కాలేదు. బ్లంట్‌లీ అంటే అదీ!

పాత_మాస్టారు:
అమ్మమ్మగారికి దణ్ణం. కానీ పుల్ల విరుపులో క్లుప్తత కూడా ఉంది, అది ‘కర్ట్‌లీ’కి దగ్గర. లాటిన్ ‘కర్టస్’ అంటే పొట్టిది, కురచది. బ్లంట్‌లీ గంటసేపైనా మాట్లాడొచ్చు, మా వియ్యంకుడే సాక్షి.
డెస్కు గారూ, ఒక్కటి చూడండి. ‘టు పుట్ ఇట్ బ్లంట్‌లీ’ అని మనమే మొదలుపెడితే, “ఏమీ అనుకోకండి, ఉన్నమాట చెబుతున్నా” అని ముందే అనుమతి తీసుకున్నట్టు. అదే మాట ఇంకొకరు మన గురించి రాస్తే? ఆ అనుమతి మనం తీసుకోలేదని.

రాత్రి_డెస్కు:
అప్రైజల్ వరకు ఒప్పుకుంటాను. హెడ్డింగుల్లో మాత్రం కుండ పగలాల్సిందే.

సూర్యాపేట_వాసి:
ఇవాళ మీటింగ్‌లో అందరి ముందూ మేనేజర్‌నే అడిగేశాను, “సార్, ఆ రాసింది పొగడ్తా, తిట్టా?” అని. ఆయన ల్యాప్‌టాప్ మూసి, “నేను రాసింది దీని గురించే” అన్నారు. ఇంక్రిమెంట్ సంగతి ఇంకా తేలలేదు.